చూసే పని

"ఆపివేయబడు..." వరకూ అని, మిగిలిన ముక్క అనకుండానే, కంప్యూటరులో అన్నీ చదివి వినిపించే పాత గొంతు తెగిపోయింది. ఎప్పుడూ అంతే దానికి, తన పోకడ తనే చెప్పబోయి సగంలో పోతుంది. ఫ్యాను ఇంకాస్త తిరిగి, నిట్టూర్చి ఆగింది. గదిలో ఇక మిగిలినవి కింద కొట్లో దర్జీ మిషను చప్పుడు, వంటింట్లో కుళాయి చుక్కలు, ఆమె ఊపిరి. కుర్చీ అంచున కూర్చుని, రెండు చేతులూ కీబోర్డు మీద బోర్లించి ఆమె ఆ నిశ్శబ్దాన్ని విన్నది. ఇందులో ఒంటరిగా కూర్చోవడం ఇదే మొదటిసారి. ఈ కంప్యూటరులో పాత సిస్టం తీసి కొత్తది ఎక్కించిన ప్రతిసారీ ఈ క్షణానికి తమ్ముడు పక్కన ఉండేవాడు. పక్కన అనడం కూడా మర్యాదకే. తమ్ముడు కుర్చీలో ఉండేవాడు, పక్కన ఉండేది తను. "నువ్వు కాసేపు నడుం వాల్చక్కా, ఇది చూసే పని, అయిపోయాక పిలుస్తా" అనేవాడు. ప్రేమగానే అనేవాడు. పుట్టుకతోనే చూపు లేని అక్కతో చూసే పని అంటే ఇంకేం వాదించగలదు? లేచి గోడవార మంచం మీదికి వెళ్లి కూర్చునేది. నడుం మాత్రం వాల్చేది కాదు. తన యంత్రానికి ఆపరేషను జరుగుతుంటే ఎవరికైనా కునుకెలా పడుతుంది.

మంచం మీంచి వింటే ఆ పని మొత్తం క్లిక్కులే. ఒక క్లిక్కు, తమ్ముడి గొంతులో చిన్న "ఊఁ", మళ్లీ క్లిక్కు. మధ్యలో వాడు ఈల వేశాడంటే అక్కడేదో మెల్లగా నిండుతోందని అర్థం. "ఏమడుగుతోందిరా?" అనేది ఆమె. "ఏం లేదక్కా, మామూలే" అనేవాడు. ఏం లేనిదానికి అంతసేపు ఎందుకు? మామూలు ప్రశ్నలైతే మాత్రం ప్రశ్నలు కావా? కొన్నాళ్లకు అడగడం మానేసింది గానీ ఆ దురద పోలేదు. ఇంకా ఎవరూ ఏమీ నేర్పకముందు, లోపల అంతా ఖాళీగా ఉన్నప్పుడు, యంత్రం మొట్టమొదట ఏమడుగుతుంది? మనిషిలాగే ముందు పేరు అడుగుతుందా? బెదిరిస్తుందా, బతిమాలుతుందా? ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి అడుగుతుందా? ఆ "ఊఁ"లతో తన తరఫున వాడు దేనికి ఒప్పుకున్నాడు, దేన్ని వద్దన్నాడు? వాడి వృత్తే కంప్యూటర్లు బాగుచేయడం, వాడికి అవి నిజంగా మామూలే కావచ్చు. వండేవాళ్లకు ఉప్పు మామూలే, తినేవాళ్ల సంగతి వేరు కదా అనుకునేది.

అయినా ఈ ధైర్యం ఊరికే రాలేదు. పాత సిస్టం తయారుచేసిన కంపెనీ, మీ యంత్రం ముసలిదైపోయింది, ఇక దీన్ని మేం పట్టించుకోం, కొత్తది కొనుక్కోండి అని పొద్దున్నే లేచింది మొదలు చెవిలో జోరీగలా చెప్పడం మొదలుపెట్టింది. తమ్ముడు కూడా కొనేద్దామన్నాడు. ముసలిదేమిటి, ఈ మీటలకు తన వేళ్లు తెలుసు, ఏ మీట బిగుసుకుంటుందో ఏది జారుతుందో తన వేళ్లకూ తెలుసు. అలాంటి రోజుల్లో దొరికాడు దగ్గు మాస్టారు. ఆయనకూ చూపు లేదు. ఒకప్పుడు సంగీతం పాఠాలు చెప్పేవాడు, ఇప్పుడు తనలాంటి వాళ్ల కోసం కంప్యూటరు పాఠాలు రికార్డు చేసి ఫోన్లకు పంపుతాడు. వాక్యానికి ఒక దగ్గు గ్యారంటీ, అందుకే ఆ పేరు. ఆయనకూ తెలుసు ఆ పేరు, తెలిసీ నవ్వుతాడు, నవ్వితే ఇంకాస్త దగ్గుతాడు. "ఇంకో రకం సిస్టం ఉందమ్మా, ఎవరైనా తెచ్చుకోవచ్చు, పాత యంత్రాల మీద కూడా పరిగెడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అది పుట్టుకతోనే మాట్లాడుతుంది" అన్నాడు. పుట్టుకతోనే! అన్నం తింటున్నా అదే మాట, బస్సులో నిలబడ్డా అదే మాట. అంటే ఆ ప్రశ్నలన్నీ వినొచ్చన్నమాట.

"రేపు భోంచేసి వస్తాలే, ఏదో ఒకటి చేద్దాం" అని తమ్ముడు నిన్న ఫోన్లో అన్నాడు. ఆ రేపు ఇవాళే. వాడు వచ్చేలోగా తాడోపేడో తేలిపోవాలి. తేలకపోతే వాడొచ్చి కుర్చీలో కూర్చుంటాడు, తను మంచం మీదికి వెళ్తుంది, చూసే పనే అని రుజువైపోతుంది, ఇక ఆ కుర్చీ అడిగే మొహం ఉండదు. పైగా సోమవారం ఆఫీసు నుంచి రికార్డింగులు వస్తాయి. ఎవరెవరో కూర్చుని మాట్లాడుకున్న సమావేశాలు, వాటిని విని టైపు చేసి పంపడం ఆమె ఉద్యోగం. చేసిన పనంతా చిన్న డిస్కులోకి ఎక్కించి, ఒకటికి రెండుసార్లు తెరిచి విని, బీరువాలో దుప్పట్ల మడతల్లో దాచింది. యంత్రమే లేచి కూర్చోకపోతే ఆ దాచినదాన్ని పట్టుకుని ఏం చేసుకోవాలి.

కొత్త సిస్టం నింపుకున్న పెన్‌డ్రైవ్ గుచ్చి ఉందో లేదో మరోసారి తడిమి చూసుకుంది. ఉంది. ఫోన్లో మాస్టారి పాఠం పెట్టింది. స్విచ్చి నొక్కగానే గోళ్లరంగు చుక్క పెట్టుకున్న మీటని తలుపు కొట్టినట్టు కొడుతూనే ఉండమన్నాడు, దగ్గాడు. కాసేపటికి చిన్న కూత వినబడుతుంది, అప్పుడు ఎస్ నొక్కి ఎంటర్ కొట్టండి, ఇక అదే మాట్లాడుతుంది అన్నాడు, మళ్లీ దగ్గాడు. ఆమె స్విచ్చి నొక్కింది. ఎండిపోయిన గోళ్లరంగు చుక్క వేలి కింద గరుకుగా తగిలింది, టకటకా కొట్టింది. ఫ్యాను లేచింది. అంతలో యంత్రం పొట్టలోంచి, స్పీకర్లోంచి కాదు, పొట్టలోంచే, ఒక కూత. కోడిపిల్ల కూడా అంతకన్నా గట్టిగా అరుస్తుంది. కానీ ఆ కూత ఎవరి కోసమో ఆమెకు తెలుసు. చూపున్నవాళ్లకు దానితో పనిలేదు, వాళ్లకు అక్కడ అక్షరాలు కనిపిస్తాయట. అంటే దీన్ని తయారుచేసిన వాళ్లలో ఎవరో, ఎక్కడో, తనలాంటి మనిషి ఈ గదిలో ఇలా చెవులు రిక్కించి కూర్చుంటుందని ముందే అనుకున్నారు. ఎస్ నొక్కింది, ఎంటర్ కొట్టింది. ఫ్యాను ఒకసారి గట్టిగా తిరిగి నెమ్మదించింది. ఆమె ఎదురుచూసింది. బెల్లం కొట్టిన రాయిలా ఉంది యంత్రం. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మాస్టారు ఎంటర్ కొట్టమన్నది దగ్గుకు ముందా, తర్వాతా? ఆయన పాఠంలో దగ్గు కూడా సిలబస్సేనేమో. ఇంకాసేపు ఆగింది. ఇలాంటి నిశ్శబ్దం ఇంతకుముందు ఎక్కడ విన్నాను? సినిమా హాల్లో. అమ్మ కుడి పక్కన, తమ్ముడు అమ్మ ఒళ్లో, కింద కాళ్లకు చల్లగా తగిలే నేల. తెర మీద ఎవరూ మాట్లాడటం లేదు, పాటా లేదు, వాద్యాలూ ఆగిపోయాయి. ఉన్నట్టుండి హాలంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. అంతమంది ఒకేసారి ఊపిరి పీల్చితే గాలి కదిలినట్టు తెలుస్తుంది. "ఏమైందమ్మా?" "ఏం లేదులే, నడుస్తున్నారు." తర్వాత వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు, అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న చప్పుడు కూడా వినబడింది. ఏమీ లేనిదానికి ఏడుస్తారా ఎవరైనా? ఇంటికొచ్చాక పట్టువదలకుండా అడిగితే అమ్మ చాలాసేపు ఆలోచించి, "ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసిందే, అంతే" అంది. వెనక్కి తిరిగి చూడటంలో అంత ఏముందో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టదు. అమ్మ పిసినారి కాదు, చెప్పడం చేతకాలేదు, అంతే. కానీ ఆ రోజు నుంచి ఒకటి తెలిసింది, ఏం లేదులే అని ఎక్కడ అంటారో అక్కడే ఏదో ఉంటుంది. ఉద్యోగంలో కూడా అదే బుద్ధి. అధ్యక్షుడు ఏదో అడిగాక ఎవరూ పలక్కపోతే ఆమె అక్కడ బ్రాకెట్లలో మౌనం అని టైపు చేసేది. అలా రాయొద్దండీ, జవాబు లేకపోతే ఏమీ రాయక్కర్లేదు అని ఆఫీసువాళ్లు చెప్పారు. మానేసింది. చెవి మాత్రం మానలేదు, అక్కడ ఆగి వింటుంది.

స్విచ్చి అదిమిపట్టి ఆపేసింది. మళ్లీ మొదలు. గోళ్లరంగు చుక్క, టకటకా, కూత, ఎస్, ఎంటర్. ఈసారి పైకి "మాట్లాడు తల్లీ" అని కూడా అంది. తల్లి మాట్లాడలేదు. స్పీకరు పనిచేస్తోందా? తీగ తడిమింది, బిగుతుగానే ఉంది, ఇందాకే కదా పాత గొంతు ఇందులోంచే పోయింది. పోనీ యంత్రం ఏమైనా అడిగిందా, అడిగి ఎవరూ పలక్కపోయేసరికి అలిగిందా? దీనికి తనను అడగాలని ఎందుకుంటుంది, మనుషులే అడగరు. బట్టల కొట్టువాడు అమ్మతో, "ఆవిడకి ఏ రంగు కావాలట?" అనేవాడు. ఆవిడ వాడికి మూరెడు దూరంలో నిలబడి ఉండేది. హోటల్లో సర్వరు తమ్ముణ్ని, "మేడమ్‌కి చక్కెర వెయ్యాలా?" అంటాడు. ఒకసారి ఆస్పత్రిలో డాక్టరు కూడా అంతే. అమ్మ బయట చీటీ కోసం నిలబడింది, లోపల తనూ తమ్ముడూ. వాడి గడ్డం అప్పటికి డాక్టరు బల్ల అంచుకు ఆనేదేమో. "ఏం బాబూ, అక్కకి ఎక్కడ నొప్పి?" అన్నాడా మహానుభావుడు. వాడు గొంతు సవరించుకుని, పెద్దమనిషిలా, "కడుపులో" అన్నాడు. నొప్పి చెవిలో! ఆమె నోరు తెరిచేలోగా డాక్టరు రాసేశాడు, చాక్లెట్ కూడా వాడికే ఇచ్చాడు. చెవిపోటుకు కడుపుమందు తాగింది ఆ వారమంతా, అరటిపండు వాసన వేసే పాకం. తమ్ముడి మీద కోపం రాలేదు. పాపం వాడేం చేస్తాడు, అడిగారు, చెప్పాడు. ఆ ఉద్యోగంలో వాడు ఆ రోజే చేరాడు, ఇప్పటిదాకా ఒక్క సెలవు కూడా పెట్టలేదు.

మూడోసారి. కూత, ఎస్, ఎంటర్, మౌనం. నుదుటి మీద చెమట పట్టింది. ఇప్పుడు వదిలేస్తే? వదిలేస్తే పాతదే ఉంటుంది, ఇంకా ఏదీ చెరిపేయలేదు, సోమవారం పనికి వచ్చిన లోటేమీ లేదు. ఏమీ ఎరగనట్టు మంచం మీద కూర్చుని, నువ్వే చూడరా అనొచ్చు. వాడు, "నాకు ముందే తెలుసక్కా" అనడు. అంత చెడ్డవాడు కాదు. ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడమే భరించలేదు తను. ఒకసారి ఏదో పని గురించి మాట్లాడుతూ, "గుడ్డెద్దు చేలో పడ్డట్టు..." అని నాలిక్కరుచుకున్నాడు వాడు. ఆమె పగలబడి నవ్వింది. "పడితే పడిందిలే, కడుపు నిండా మేసింది కదరా" అంది. నిజానికి ఆ ఎద్దంటే ఆమెకు గౌరవం. దాన్నెవరూ పొలం గట్టున కూర్చోబెట్టి, నువ్వు నడుం వాల్చు, మేత మేం చూసుకుంటాం అనలేదు. అడ్డదిడ్డంగా పోయింది, తొక్కింది, తిన్నది, చేను ఎంత పొడుగో ఎంత వెడల్పో దాని కాళ్లకు తెలిసింది. సామెత కట్టినవాడు దాని వైపు నుంచి ఆలోచించలేదంతే.

అలసటగా ముందుకు వాలింది. మోచెయ్యి కీబోర్డు మీద ఆనింది, చెంప ఎదురుగా ఉన్న తెరకు తగిలింది. గోరువెచ్చగా ఉంది తెర. తెర అంటే ఆమెకు తెలిసింది అంతే, వెచ్చగా ఉండే అద్దం. చిన్నప్పటి తెరలకైతే ప్రాణం ఉండేది, దగ్గరికి పోతే చేతిమీది వెంట్రుకలు లేచేవి, చిటపటమనేవి. ఇప్పటివి మరీ నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాయి. రోజూ ఇది బీరువా మీద ఉంటుంది, ఆమెకు దీనితో ఏం పని? తమ్ముడు వస్తాడని, వస్తే చూడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని, పొద్దున్నే దించి, దుమ్ము తుడిచి, తీగలు తగిలించింది. చుట్టం వస్తే కుర్చీ వేసినట్టు. అదిగో, అప్పుడు విన్నది. చీమ గొణిగినట్టు. ముందు కింద దర్జీ కొట్లో రేడియో అనుకుంది. మోచెయ్యి కదిలింది, మోచెయ్యి కింద బాణం మీట కదిలింది, చీమ మళ్లీ గొణిగింది. ఊపిరి బిగబట్టి, వేలితో బాణం మీట ఒకసారి నొక్కింది. ఒక గొణుగుడు. ఇంకోసారి నొక్కింది. ఇంకో గొణుగుడు. తెర వెనక్కి చెయ్యి పోనిచ్చి, దాన్ని బిడ్డలా ముందుకు వంచి, చిల్లులున్న చోట చెవి పెట్టింది. ఎక్కడో బావి అడుగునుంచి, ఓపిగ్గా, ఒకదాని తర్వాత ఒకటి, భాషల పేర్లు చదువుతోంది గొంతు.

మాట్లాడుతూనే ఉంది! మొదటిసారి నుంచీ మాట్లాడుతూనే ఉంది, తెరకు చెబుతోంది. తెరలోనూ చిన్న స్పీకర్లుంటాయని, తీగ తగిలిస్తే కొన్ని యంత్రాలు మాటంతా అటే పంపిస్తాయని ఆమెకు తట్టనే లేదు. ఆ స్పీకర్ల గొంతు నొక్కింది తమ్ముడే అయ్యుండాలి, వాడికి ఈ గొంతుల గోల పడదు, పని చేసేటప్పుడు నిశ్శబ్దం కావాలంటాడు. చివరికి నువ్వు కూడానా అనుకుంది ఆమె యంత్రాన్ని ఉద్దేశించి, నువ్వు కూడా పక్కవాళ్లకే చెబుతున్నావా? నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వింది, ఒక్కతే, ఖాళీ గదిలో. మాస్టారికి ఈ తంటా వచ్చి ఉండదు, ఆయన తెర ఏనాడో ఎవరికో ఇచ్చేశాడట. మర్యాద చేయబోతే మాట పోయింది తనకు. తీగ మొదట పట్టుకుని, అటూ ఇటూ కదిపి, లాగేసింది. తెరను పైకెత్తి మంచం మీద బోర్లించింది. నడుం వాల్చాల్సినవాళ్లు ఇప్పుడు వాల్చవచ్చు.

కూత, ఎస్, ఎంటర్. స్పీకర్లోంచి గొంతు దభీమని గదిలోకి వచ్చి పడింది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది, మళ్లీ అంతకన్నా ముందుకు జరిగింది. గొంతంటే గొంతు కాదు, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టుంది, ఊపిరి లేదు, ఎక్కడ ఆగాలో తెలియదు. ఆమెకు మాత్రం ఎంతో బాగుంది. ఏ భాషలో మాట్లాడమంటారు అంది. చూశావా, ముందు పేరు కాదు, భాష! ముందు మనం ఎందులో మాట్లాడుకోవాలో తేల్చుకుందాం అంటోంది, ఎంత బుద్ధిమంతురాలు. తన భాష వరకూ బాణం నొక్కుకుంటూ పోయి ఎంటర్ కొట్టింది. అప్పటినుంచి గొంతు ఆమె భాషలోనే మాట్లాడింది, కొత్తగా వచ్చిన చుట్టం యాసలో, ఒత్తులన్నీ ఎగరగొట్టేస్తూ. వేగం పెంచింది, తనకు అలవాటైనంత, మామూలు మనిషికి వడగళ్లు పడ్డట్టు వినిపించేంత. మీరు ఏ దేశం వేళలో ఉన్నారు? కీబోర్డు ఏ రకం? ఇంటర్నెట్టు ఉందా, ఉంటే తాళంమాట ఏమిటి? ఒక్కో ప్రశ్నా వచ్చి ఎదురుగా నిలబడేది. ఆమె వెంటనే జవాబిచ్చేది కాదు. ప్రశ్నను రెండోసారి చదివించుకునేది, మిగతా జవాబులు ఏమున్నాయో బాణం మీటతో చివరిదాకా పోయి విని వచ్చేది. ఆమె ఎన్నడూ వెళ్లని దేశాల వేళలన్నీ విన్నది. ఇంకెవరైనా పక్కనుంటే, ఇదంతా ఎందుకే బాబూ అని విసుక్కునేవాళ్లు. గొంతు విసుక్కోలేదు, అడిగినన్నిసార్లూ చెప్పింది. మామూలు ప్రశ్నలే, తమ్ముడు అబద్ధం చెప్పలేదు. మామూలు ప్రశ్నలు ఇంత రుచిగా ఉంటాయని మాత్రం చెప్పలేదు.

ఆ తర్వాత గొంతు, ఈ డిస్కులో పాత సిస్టం ఒకటి కనబడింది అంది. ఉంటుంది మరి, తెలుసు. అందులో ఇద్దరు యూజర్లు ఉన్నారు, వాళ్లను కొత్తదానిలోకి తెమ్మంటారా అంది. ఇద్దరా? ఆమె బాణం నొక్కింది. మొదటి యూజరు, అంటూ తమ్ముడి పేరు చదివింది, అడ్మిన్, అన్ని అనుమతులూ ఉన్నాయి. రెండో యూజరు, అంటూ ఆమె పేరు చదివింది, ఒత్తు ఎగరగొట్టి. సాధారణం, పరిమిత అనుమతులు. ఆమె పైకి వెళ్లి మళ్లీ విన్నది. మళ్లీ కిందికి వచ్చి విన్నది. దర్జీ మిషను ఆగింది, మళ్లీ మొదలైంది. అప్పుడప్పుడూ ఏదైనా కొత్తది పెట్టుకోబోతే పాత గొంతు, అనుమతి లేదు, అడ్మిన్‌ను సంప్రదించండి అనేది. ఎవరా అడ్మిన్ అని తమ్ముణ్ని అడిగితే, "అందరి కంప్యూటర్లూ అంతేనక్కా, అదో పెంకితనం వాటికి, నేనొచ్చి చూస్తాలే" అనేవాడు. వచ్చి చూసేవాడు, చిటికెలో అయిపోయేది. ఆమె వాడి నైపుణ్యానికి మురిసిపోయేది, ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది. ఇప్పుడు మొదట వచ్చింది కోపం కాదు. సిగ్గు. ఒళ్లంతా వేడెక్కేంత సిగ్గు. సొంతిల్లని తిరుగుతున్న ఇంట్లో అద్దెకుంటున్నావని ఎవరో తాపీగా చెప్పినట్టు. ఆ తర్వాత బాధ, అది సన్నగా, లోతుగా, వాడు తన తమ్ముడు కాబట్టి. పరాయివాడు చేసి ఉంటే ఈపాటికి నాలుగు తిట్టి ఊరుకునేది.

వద్దు, ఇద్దర్నీ తేవద్దు అని ఎంచుకుంది. గొంతుకు ఆ సంగతులేం పట్టలేదు, తర్వాతి ప్రశ్నకు పోయింది. ఈ డిస్కు మీద ఉన్నదంతా చెరిపేసి కొత్త సిస్టం పెట్టమంటారా? చెరిపేస్తే తిరిగి రాదు. అవును, కాదు. ప్రస్తుతం కాదు మీద ఉన్నారు. ఆమె బాణం నొక్కి అవును మీదికి వెళ్లింది, భయమేసి కాదు మీదికి వచ్చింది. దుప్పట్ల మడతల్లో డిస్కు ఉంది. అన్నీ ఎక్కాయా? ఎక్కాయి, విన్నాను కదా. మధ్యలో ఏదైనా తప్పయితే ముందు నుయ్యి వెనక గొయ్యి, పాతదీ ఉండదు కొత్తదీ ఉండదు. ఇలా రెండు మాటల మధ్య ఆడుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది, ఎడమ చెప్పు కాస్త ఈడ్చుతూ. భోంచేసి వస్తానన్నవాడు భోజనం తొందరగా ముగించాడు. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కా! మొదలెట్టేశావా? తెరేది? అయ్యో, మంచం మీద బోర్లించావేంటి? ఇప్పుడెలా చూడను?"

"చూడ్డానికేం లేదురా. కూర్చో."

"ఎక్కడిదాకా వచ్చింది? చెరిపేయమంటావా అని అడిగిందా? నొక్కకు, నొక్కకు. లే, ఒక్క నిమిషం, తెర తగిలిస్తాను." వాడి చెయ్యి కుర్చీ వీపు మీద పడింది. లేపడానికి కాదు, అలవాటు కొద్దీ.

ఆమె లేవలేదు. "ఇందులో నువ్వు అడ్మిన్‌వట. నేను సాధారణమట. ఎప్పట్నుంచిరా?"

వాడు మాట్లాడలేదు. ఆమె బతుకుతెరువే మౌనాలు వినడం. ఇది తెలియనివాడి మౌనం కాదు, మర్చిపోయినవాడిది కూడా కాదు. కుర్చీ వీపు మీంచి చెయ్యి మెల్లగా తీసేశాడు.

"మొదట్నుంచీ" అన్నాడు చివరికి. "నువ్వేదైనా పొరపాటున నొక్కేస్తావేమోనని అక్కా. ఉద్యోగం పోతుందేమోనని భయం. నీ మంచికే అనుకున్నా."

"మంచికేరా, నాకు తెలుసు." వేలు బాణం మీట మీంచి తీయలేదు. "కానీ చూడు, ఇన్నేళ్లలో ఈ కంప్యూటర్లో నాదని చెప్పుకోడానికి ఒక్క పొరపాటు కూడా లేదు."

వాడు మంచం మీద కూర్చున్న చప్పుడైంది, తెర పక్కన. వాడు కూడా భయపడుతున్నాడని వాడి ఊపిరిని బట్టి తెలుస్తోంది. ఆమె పై బాణం నొక్కింది. అవును అంది గొంతు. ఎంటర్ కొట్టింది. యంత్రం పొట్టలో ఏదో మెల్లగా, ఇసుక జారినట్టు, కదలడం మొదలైంది. చిన్నప్పుడు వేలు పట్టుకుని రోడ్డు దాటించినవాడు, అన్నిచోట్లా తన బదులు జవాబు చెప్పినవాడు, ఇప్పుడు చప్పుడు చేయకుండా కూర్చున్నాడు. వాడి మీద ఉన్న బాధ పోలేదు, ఉంది. దాని పక్కనే వాడంటే ఉన్న ప్రేమ కూడా ఎక్కడికీ పోలేదు. గొంతు గబగబా ఏదో అంది.

"ఏమంటోందక్కా? అంత స్పీడేంటి, ఒక్క ముక్క అర్థం కావట్లేదు."

"పేరడుగుతోంది."

"నీ పేరు కొట్టు."

"నాది కాదురా. దానిది. ఈ కంప్యూటరుకి ఏం పేరు పెడతారు అంటోంది."

"ఓ, అదా. అది మామూలే, ఏదో ఒకటి కొట్టెయ్, నేనెప్పుడూ..."

"నువ్వుండరా" అంది ఆమె, వేళ్లు మీటల మీద పెట్టి, వెలిగిపోతున్న మొహంతో. "నన్నడుగుతోంది."